ఎర్తు చూశారా మాస్టారూ?

నేను జర్మన్ కారు కొన్నానని తెలిసిన రోజున మా వీధిలో ముగ్గురు పెద్దలు మూడు రకాలుగా సానుభూతి తెలిపారు. ఒకాయన "స్పేరు పార్టులు దొరకవండీ" అన్నారు. రెండో ఆయన "దొరికినా మనం కొనలేమండీ" అన్నారు. మూడో ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన ఏమీ అనకుండా నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆ తట్టడంలోనే ఎక్కువ అర్థం ఉందని నాకు నాలుగేళ్ల తర్వాత గాని తెలియలేదు.

కొన్నది కొత్త కారేమీ కాదు. 2012లో తయారైన ఫోక్స్‌వాగెన్ పోలో. మూడు సిలిండర్ల డీజిలు బండి. 2018లో సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. అమలాపురంలో ఉండే ఒక ఫిజిక్సు లెక్చరరుకి ఈ కారే ఎందుకని అడిగితే, దానికి సమాధానం మన వాల్తేరులోనే ఉంది. నేను అక్కడ ఎమ్మెస్సీ చదువుతున్న 2005లో ఫోక్స్‌వాగెన్ కార్ఖానా విశాఖపట్నం వస్తోందని పేపర్లు రాశాయి. హాస్టలు మెస్సులో సాంబారు చల్లారిపోయేదాకా అదే చర్చ. మాకందరికీ అందులో ఉద్యోగాలు వచ్చేసినట్టే మాట్లాడుకున్నాం. తీరా అది పదకొండు కోట్ల రూపాయల వివాదంగా తేలింది. కార్ఖానా పూణే పక్కనున్న చాకణ్‌కి పోయి, 2009లో అక్కడ తెరుచుకుంది. మన ఊరు రానన్న కారుని నేనే మా ఊరు తీసుకొచ్చానన్నమాట. పంతం అనుకోండి, పిచ్చి అనుకోండి.

నాలుగేళ్లు బండి నన్ను ఏమీ అనలేదు. అమలాపురం నుంచి కాకినాడ, రాజోలులో అక్కయ్య గారిల్లు, కొత్తపేటలో పెళ్లిళ్లు, ఎక్కడికైనా లీటరుకి ఇరవై కిలోమీటర్లకి దగ్గరగా ఇస్తూ తిరిగింది. "ఏదండీ, పార్టులు దొరకవన్నారు?" అని మా వీధి పెద్దల్ని నేనే ఎదురు పలకరించేవాణ్ణి.

2022 ఏప్రిల్లో మా కోనసీమ జిల్లా అయింది. జూలైలో గోదావరి పొంగింది. పి.గన్నవరం వైపు లంకలో ఉన్న మా బంధువుల్ని ఒడ్డుకి చేర్చడానికి వెళ్లినప్పుడు, చక్రాలు సగం మునిగే నీళ్లలోంచి కారు నడిపాను. ఇంజను ఆగలేదు. ఇంటికొచ్చి పైపు పెట్టి శుభ్రంగా కడిగి, జర్మనీ వాళ్ల పనితనాన్ని నలుగురి దగ్గరా మెచ్చుకుని, ఆ సంగతి మరిచిపోయాను. నీళ్లు మాత్రం మరిచిపోలేదు.

అక్టోబరు నెలలో మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పితే సెల్ఫు మోటారు నీరసంగా మూలిగేది. ఒకసారి అందుకునేది, ఒకసారి అందుకునేది కాదు. తాళం తిప్పిన క్షణంలో డ్యాష్‌బోర్డు మీద దీపావళి. బ్రేకు దీపం, స్టీరింగు దీపం, స్ప్రింగు చుట్ట ఆకారంలో ఉండే డీజిలు దీపం, అన్నీ ఒకేసారి వెలిగేవి. వాన పడిన మర్నాడు మరీ ఎక్కువ.

అంబాజీపేట రోడ్డులో కాలవ గట్టున ఒక చిన్న రేకుల షెడ్డు ఉంది. ముప్పయ్యేళ్లు కూడా నిండని కుర్రాడు నడుపుతున్నాడు. అక్కడికి తీసుకెళ్లాను. అతను బానెట్టు ఎత్తి, ఒకసారి సెల్ఫు వేయించి, చెవి దగ్గర పెట్టి విని అన్నాడు.

"ఎర్తు చూడాలండి మాస్టారూ."

నాకు నవ్వొచ్చింది. కారంటే జర్మన్ కారు. లోపల కంప్యూటర్లున్నాయి. వీడు టేపురికార్డరు బాగుచేసేవాడిలా ఎర్తంటాడేమిటి? అయినా పోనీ అని, మా ల్యాబు మల్టీమీటరు తెచ్చి నేనే చూశాను. నిరోధం కొలిచే చోట ముల్లు పెట్టి, ఒక తీగ బ్యాటరీ నెగిటివు మీద, రెండోది ఇంజను మీద పెట్టాను. 0.3 ఓములు చూపించింది. తీగలు రెండూ ఒకదానికొకటి తగిలిస్తే కూడా అంతే చూపించింది. అంటే ఎర్తులో దోషం సున్నా.

"చూశావా? ఎర్తు బంగారంలా ఉంది" అన్నాను.

అతను మీటరు వంక చూశాడు, నా వంక చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. "అలాగేనండి" అన్నాడు. డబ్బులివ్వబోతే "చూసినందుకు ఏం తీసుకుంటానండి" అన్నాడు.

తర్వాత నేను చేసింది చదువుకున్నవాళ్లందరూ చేసేదే. పెద్ద ఊళ్లో, అద్దాల గది, ఏసీ, కాఫీ ఇచ్చే వర్క్‌షాపుకి వెళ్లాను. వాళ్లు డ్యాష్‌బోర్డు కిందనుండే పదహారు పిన్నుల సాకెట్టుకి స్కానరు తగిలించారు. దోషాల చిట్టా ఒక పేజీ వచ్చింది. బ్యాటరీ మార్చారు. రెండు వారాలు బాగుంది. మళ్లీ వెళ్లాను. సెల్ఫు మోటారు మార్చారు. కొత్తది బలంగా తిరిగింది గనక పది రోజులు బాగుంది. మూడోసారి వెళితే, ఇంజనుని నడిపే కంప్యూటరే పోయి ఉండవచ్చు, అరవై వేల పైమాటే అన్నారు. అప్పటికే పాతిక వేలు దాటాయి. పోలో తయారీ మనదేశంలో 2022లోనే ఆపేశారు. అందుకని పార్టు కోసం ఆగాల్సి ఉంటుందని కూడా చెప్పారు. ఆలోచించుకుంటానని వచ్చేశాను.

డిసెంబరులో అమ్మకి కాకినాడలో కంటి ఆపరేషను. పొద్దున్న ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా అరవై కిలోమీటర్ల పైచిలుకు. చీకటితోనే అమ్మ స్వెట్టరు వేసుకుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూచుంది. తాళం తిప్పాను. దీపావళి వెలిగింది. సెల్ఫు "టక్" అంది. అంతే. మళ్లీ తిప్పాను. "టక్". అయిదు నిమిషాలు తిప్పాను.

"ఒరే అబ్బాయ్, అది రానంటోంది గాని, మనం బస్సుకి పోదాం పద" అంది అమ్మ.

డెబ్భై రెండేళ్ల మనిషి, రెండు కళ్లకీ పొర కమ్మి సరిగా కనపడని మనిషి, ముమ్మిడివరం దాకా బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చింది. నేను పక్కన నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆపరేషను బాగానే జరిగింది. మర్నాడు ఇంటికి రాగానే, మా వీధి పెద్దలు చూస్తుండగా, నలుగురు కుర్రాళ్ల చేత కారు తోయించుకుని కాలవ గట్టు షెడ్డుకి వెళ్లాను. ఈసారి మల్టీమీటరు తీసుకెళ్లలేదు. అతని దగ్గరే ఉంది, టేపు చుట్టిన పాత మీటరు.

అతను నిరోధం కొలవలేదు. వోల్టుల మీద పెట్టాడు. నల్ల తీగ బ్యాటరీ నెగిటివు మీద, ఎర్ర తీగ ఇంజను లోహం మీద, నేను పెట్టిన చోటనే పెట్టాడు. "ఇప్పుడు తాళం తిప్పండి మాస్టారూ" అన్నాడు. తిప్పాను. తలుపులోంచి తొంగి చూస్తే, మీటరు 2.1 చూపిస్తోంది.

"ఇక్కడ పట్టుమని పావు వోల్టు కూడా ఉండకూడదండి. రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి" అన్నాడు. తర్వాత ఎర్ర తీగ కారు బాడీ మీదకి మార్చాడు. 0.1. మళ్లీ బాడీకి, ఇంజనుకి మధ్య పెట్టాడు. 2.0. "బ్యాటరీ నుంచి బాడీకి బాగుందండి. బాడీ నుంచి ఇంజనుకి లేదు." చివరికి జంపరు కేబులు ఒకటి తీసి, బ్యాటరీ నెగిటివు నుంచి తిన్నగా ఇంజనుకి తగిలించాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఒక్క దీపం మిగల్లేదు.

బ్యాటరీ ట్రే ఊడదీసి చూపించాడు. బాడీ నుంచి గేరుబాక్సు బోల్టుకి ఒక అల్లిన రాగి పట్టీ వెళుతుంది. పైకి చూస్తే ఉన్నట్టే ఉంది. బోల్టు కింద పచ్చటి చిలుము. తొడుగు కత్తిరిస్తే లోపల పోగులు మూడొంతులు పొడి పొడిగా రాలాయి. జూలైలో తాగిన గోదావరి నీళ్లు, దాని మీద మా సముద్రపు ఉప్పుగాలి, రెండూ కలిసి అయిదు నెలలు తీరిగ్గా పనిచేశాయి.

నేను అక్కడి స్టూలు మీద కూలబడ్డాను. సిగ్గుతో. ఎందుకంటే ఇందులో నాకు తెలియని ఫిజిక్సు ఒక్క ముక్క లేదు. డీజిలు బండి సెల్ఫు తిరిగేటప్పుడు సుమారు 200 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఒక ఓములో నూరోవంతు నిరోధం ఉంటే చాలు, 200ని 0.01తో గుణిస్తే రెండు వోల్టులు అక్కడే ఖర్చు. ఓములో నూరోవంతుని నా మీటరు చూపించలేదు, దాని తీగల నిరోధమే 0.3. పైగా నిరోధం కొలిచేటప్పుడు మీటరు పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. ఆ కాస్త కరెంటు పోవడానికి నాలుగు పోగులు మిగిలినా సరిపోతుంది. ఈ లెక్క బోర్డు మీద నేను పదిహేనేళ్లుగా చెబుతున్నాను. పరీక్షలో అడిగితే రాసేవాణ్ణి. నా కారు దగ్గర మాత్రం తట్టలేదు.

స్కానరు చెప్పింది కూడా అబద్ధం కాదని అప్పుడే అర్థమైంది. కరెంటు తిన్నగా తిరిగి రావడానికి దారి లేక, సెన్సారుల తీగల్లోంచి, దొరికిన సందుల్లోంచి తోసుకొచ్చింది. దాంతో ప్రతి సెన్సారూ తలో ఫిర్యాదు రాసింది. ఆ చిట్టాలో ఉన్నవి రోగాల పేర్లు కావు, రోగి మూలుగులు. చాలా చోట్ల "వోల్టేజి తక్కువ" అని స్పష్టంగానే ఉంది. ఆ ఒక్క మాటనీ ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

"నీకెలా తెలిసిందిరా?" అన్నాను.

"మా నాన్న కొబ్బరి దింపుకెళ్లేవాడండి. మోకుని కంటితో చూసి ఎప్పుడూ నమ్మేవాడు కాదు. చెట్టు మొదట్లోనే బరువంతా దాని మీద వేసి చూసేవాడు. ఉత్తప్పుడు అన్ని మోకులూ గట్టిగానే ఉంటాయండి."

ఈ మాట విన్నప్పుడు నాకు ఇదే ఫోక్స్‌వాగెన్ కంపెనీ కథ గుర్తొచ్చింది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా యూనివర్శిటీ వాళ్లు 2013లో కొన్ని డీజిలు కార్లలో పొగ కొలిచే పరికరాలు పెట్టుకుని రోడ్ల మీద తిరిగారు. ఆ బృందంలో మనదేశం నుంచి వెళ్లిన విద్యార్థులు కూడా ఉన్నారు. ల్యాబులో పరీక్ష పెడితే బుద్ధిగా ఉన్న కార్లు రోడ్డెక్కేసరికి మాట మార్చాయి. ఒక కారులో నైట్రోజన్ ఆక్సైడులు పరిమితికి 15 నుంచి 35 రెట్లు వచ్చాయి. పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పటికి మాత్రం మంచిగా నడిచే ప్రోగ్రాము కారులో రాసిపెట్టారని 2015 సెప్టెంబరులో బయటపడింది. మనదేశంలో కూడా ఆ రకం ఇంజన్లున్న మూడు లక్షల పైచిలుకు కార్లను సరిచేయడానికి వెనక్కి పిలిచారు. నా పోలో ఇంజను కూడా ఆ కుటుంబానిదే. అంత పెద్ద కంపెనీ మోసాన్ని కొందరు విద్యార్థులు పట్టుకున్న పద్ధతీ, కాలవ గట్టు కుర్రాడు నా పట్టీని పట్టుకున్న పద్ధతీ ఒకటే. బరువు పడినప్పుడు కొలిచారు.

కొత్త పట్టీ వేసి, బోల్టు చుట్టూ ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన వాజలీను రాశాడు. మళ్లీ కొలిస్తే 0.1. పట్టీ ఖరీదు, కూలి కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాడు. వెళ్లబోతుంటే నవ్వుతూ అన్నాడు.

"నేను మీ దగ్గర రెండో సంవత్సరం దాకా చదివానండి. పొటెన్షియోమీటరు ప్రయోగం మీరే చెప్పారు. సెల్లు ఊరికే ఉన్నప్పుడు ఒక వోల్టేజి, పని చేసేటప్పుడు ఒక వోల్టేజి అని. నాన్నకి నడుం పడిపోయాక మానేశాను."

నాకు ఎంత ప్రయత్నించినా అతని ముఖం గుర్తు రాలేదు. ఏ బెంచీలో కూచునేవాడో కూడా గుర్తు లేదు. హాజరుపట్టీలోంచి ఒక పేరు కొట్టేసి ఉంటాను. ఎందుకు మానేశాడని అడిగి ఉండను. అక్టోబరులో మొదటిసారి షెడ్డుకి వెళ్లినప్పుడు "మాస్టారూ" అన్నాడు గదా, ఊళ్లో అందరూ అంటారు గనక అన్నాడనుకున్నాను. నా మీటరు చూసి ఏదో అనబోయి ఆగిపోయాడే, అది తెలియక కాదు. లెక్చరరుని తప్పు పట్టకూడదని ఆగాడు. తరగతిలో ఆ భయం నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మౌనం ఖరీదు నాకు పాతిక వేలు, మా అమ్మకి ఒక బస్సు ప్రయాణం.

ఆ తర్వాత మూడేళ్లుగా కారు పని నేనూ అతనూ కలిసే చేసుకుంటున్నాం. ఇలాంటి కారున్న మిత్రులకి అతని దగ్గర నేర్చుకున్నవి నాలుగు మనవి చేస్తాను. ఇంజను ఆయిలు కొనేటప్పుడు కంపెనీ పేరు కాదు, డబ్బా వెనక ఉన్న అంకె చూడాలి. కారు పుస్తకంలో 502 00 అనో 507 00 అనో ఏది రాసి ఉంటే అదే కావాలి. రేడియేటరులో తగ్గితే బోరు నీళ్లు పోయకూడదు, మా వైపు బోర్లలో ఉప్పు. ఆ గులాబీ రంగు కూలెంటుని డిస్టిల్డు వాటరుతో కలిపి పోయాలి. ముందు అద్దం కింద వాన నీళ్లు పోయే కంత ఉంటుంది. వేపాకు, కొబ్బరి పూత పడి అది మూసుకుపోతే నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి. నెలకోసారి వేలు పెట్టి చూడాలి. టైమింగు బెల్టు తెగేదాకా ఆగకూడదు. తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజనే పోతుంది. కిలోమీటర్లు పూర్తికాకపోయినా ఏళ్లు పూర్తయితే మార్చాలి. జర్మన్ వాళ్ల బోల్టులకి నక్షత్రం ఆకారపు తలలుంటాయి. వాటి స్పానర్లు లేకుండా మామూలు కీతో తిప్పబోతే తల అరిగిపోయి కూచుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లలోంచి నడిపిన కారుకి వారంలోగా ఎర్తులన్నీ విప్పి చూడాలి. ఇంకొకటి, ఏ పార్టయినా మార్చే ముందు "ఇది పోయిందని ఎలా కొలిచారు?" అని అడగాలి. సమాధానం వస్తేనే డబ్బు తీయాలి.

కిందటేడు మా బి.ఎస్సీ. విద్యార్థులకి పొటెన్షియోమీటరు ప్రయోగం చెప్పే రోజున అతన్ని ల్యాబుకి రమ్మన్నాను. పాత పట్టీ, టేపు చుట్టిన మీటరు, ఒక సెల్ఫు మోటారు, బ్యాటరీ పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోళ్లలో గ్రీజు పోలేదు. గుమ్మం దగ్గర ఆగి "లోపలికి రావచ్చాండి?" అన్నాడు. విద్యార్థులు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

పట్టీని ముందు ఓము మీటరుతో కొలిపించాడు. అందరూ బాగుందన్నారు. తర్వాత మోటారు తగిలించి వోల్టులు కొలిపించాడు. మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మరి ఇందాక బాగుందని చూపించిన మీటరు తప్పాండి?" అని అడిగింది. అతను నా వంక చూశాడు, చెప్పొచ్చా అన్నట్టు.

"చెప్పవయ్యా" అని, నేను వెళ్లి వెనక బెంచీలో కూచున్నాను.